కొక్కెం తగిలించవలసిన చోటు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



డెబ్బయి అయిదేండ్ల ఉత్సవ వేదిక మీద కంప్యూటరు ఆటల ప్రస్తావన ఏమిటని కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. "ఎప్పుడు చూసినా ఆ తెర ముందే కూర్చుంటున్నాడు" అన్న ఫిర్యాదు వినిపించని ఇల్లు ఈ రోజులలో అరుదు. అయితే తెర ముందు కూర్చున్న వారందరూ ఒకే పని చేస్తున్నారని అనుకొనరాదు. కొందరు ఆట ఆడుతున్నారు. మరికొందరు ఆట నడిచే తీరునే మార్చి చూస్తున్నారు. ఈ రెండవ కోవకు చెందినవారు రాసే చిన్న చిన్న ప్రోగ్రాములకు 'ప్లగిన్లు' అని పేరు. ఆ ప్లగిన్లు రాయడంలో ఎదురయ్యే ఒకానొక సమస్యను గురించి, అంటే సర్వరులోని ఏ ఫంక్షన్‌ను ఏ పద్ధతిలో మధ్యలో నిలిపి చూడాలి అన్న విషయాన్ని గురించి, ఈ ప్రసంగం. విషయం చిన్నదిగా కనిపించినా, అందులో ఒక మంచి వివేచన దాగి ఉన్నది. తెలుగులో చెప్పుకుంటే అది ఏ తల్లికైనా, ఏ తండ్రికైనా అర్థమయ్యేదే.

కొంత పూర్వకథ అవసరం. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 1998లో 'హాఫ్-లైఫ్' అనే ఆటను విడుదల చేసింది. దాని నిర్మాణంలో రెండు భాగాలున్నాయి. మొదటిది ఇంజిను. నెట్‌వర్కు ద్వారా ఆటగాళ్ళ కంప్యూటర్లతో మాట్లాడడం, ఆటస్థలపు పటాన్ని చదవడం, వస్తువుల కదలికలను లెక్కించడం దాని పనులు. రెండవది ఆట నియమాల లైబ్రరీ. ఎవరి ఆరోగ్యం ఎంత, దెబ్బ తగిలితే ఎంత తగ్గాలి, ఏ జట్టు గెలిచింది అన్నవి దాని అధీనంలోనివి. ఈ నియమాల భాగాన్ని మార్చి కొత్త ఆటలు చేసుకొనే వీలును వాల్వ్ సంస్థ ఇతరులకు కల్పించింది. ఆ వీలును వినియోగించుకొని మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు 1999లో 'కౌంటర్-స్ట్రైక్' ఆటను రూపొందించారు. 2000లో వాల్వ్ సంస్థయే దానిని విక్రయానికి తెచ్చింది. ఇది తుపాకుల పోరాటంతో కూడిన ఆట, చిన్నపిల్లలకు తగినది కాదు. ఇక్కడ దానిని ప్రస్తావించడం ఆటను మెచ్చుకోవడానికి కాదు, ప్లగిన్ల విద్య అధికంగా వికసించినది ఆ ఆట సర్వర్ల చుట్టూ కావడం చేత.

ఒక్కొక్క సర్వరులో ఏకకాలంలో 32 మంది వరకు ఆడవచ్చు. సర్వరును ఎవరైనా సొంతంగా నడుపుకోవచ్చు. సొంతంగా నడిపే వారికి సొంత నియమాలు కావాలనిపించడం సహజం. అయితే కౌంటర్-స్ట్రైక్ నియమాల లైబ్రరీ మూల ప్రోగ్రామును సంస్థ బయటపెట్టలేదు. మూలం చేతిలో లేకుండా నడవడికను మార్చడమెట్లా? దీనికి సమాధానంగా విల్ డే అనే ప్రోగ్రామరు 2001లో 'మెటామాడ్' ను వెలువరించాడు. తరువాత దాని మీద ఆధారపడి 'ఎ.ఎం.ఎక్స్. మాడ్ ఎక్స్' వచ్చింది. నెదర్లండ్స్‌కు చెందిన థియాడ్మర్ రీమర్స్మా రూపొందించిన 'పాన్' అనే సులభమైన భాషలో ప్లగిన్లు రాసుకొనే సౌకర్యాన్ని అది కల్పించింది. సి భాష కూడ సరిగా రాని బాలురు సైతం ప్రపంచమంతటా ప్లగిన్లు రాయగలిగారంటే అందుకు ఈ రెండే కారణం.

ఇక 'హుక్' అంటే ఏమిటో తెలుసుకోవాలి. హుక్ అంటే కొక్కెం. కంప్యూటరు ప్రోగ్రాములో ఒక భాగం మరొక భాగాన్ని "ఈ పని చెయ్యి" అని పిలుస్తుంది. అట్లా పిలువబడే భాగమే ఫంక్షన్. ఆ పిలుపు గమ్యం చేరకముందో, పని ముగిసిన తరువాతనో, దారిలో నిలిచి దానిని గమనించడానికి, అవసరమైతే మార్చడానికి, ఇంకా అవసరమైతే ఆపివేయడానికి చేసుకొనే ఏర్పాటే హుక్.

దీనిని పాఠశాలతో పోల్చి చూడవచ్చు. ఒక ఆవరణలో రెండు భవనాలున్నాయనుకోవాలి. ఒకటి కార్యాలయం, రెండవది తరగతి గదులు. కార్యాలయం నుండి తరగతులకు, తరగతుల నుండి కార్యాలయానికి వెళ్ళే ప్రతి చీటీ గేటు దగ్గర అటెండరు బల్ల మీదుగా పోతుంది. కార్యాలయం ఇంజిను, తరగతుల భవనం నియమాల లైబ్రరీ. నడుమనున్న అటెండరు బల్లయే మెటామాడ్. ఇంజిను ఏ లైబ్రరీని తెరవాలో తెలిపే చిన్న ఫైలు ఒకటి సర్వరులో ఉంటుంది. అందులో అసలు లైబ్రరీ పేరు బదులు మెటామాడ్ పేరు రాస్తారు. ఇంజిను మెటామాడ్‌నే లైబ్రరీ అని నమ్మి పిలుస్తుంది. మెటామాడ్ ఆ పిలుపును ప్లగిన్లకు చూపి, ఆ తరువాత అసలు లైబ్రరీకి అందిస్తుంది. ఎవరి ఇంటి గోడనూ పగులగొట్టకుండా, దారిలో బల్ల వేసుకొని కూర్చోవడమన్న మాట.

కాని బల్ల దగ్గర కూర్చున్న వానికి ఒక పరిమితి ఉన్నది. రెండు భవనాల నడుమ నడిచే చీటీలు మాత్రమే అతనికి కనిపిస్తాయి. తరగతుల భవనంలో ఒక ఉపాధ్యాయుడు పక్క గదిలోని మరొక ఉపాధ్యాయునితో మాట్లాడిన మాట అతని చెవిని పడదు. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకొంటే తక్కిన కథ అంతా సులభమవుతుంది.

ఒక ఉదాహరణను చివరి వరకు నడిపి చూడడం మంచిది. ప్రతి రౌండు ఆరంభంలో ఆటగాడు కొత్తగా రంగంలో ప్రవేశిస్తాడు. అతడు చుట్టూ చూసుకొనక మునుపే ఎదుటివాడు దెబ్బ తీస్తే కొత్తవారు నిరుత్సాహపడి వెళ్ళిపోతారు. అందువలన ప్రవేశించిన తరువాత 3 సెకండ్ల పాటు ఎవరికీ దెబ్బ తగలకుండా రక్షణ కల్పించాలని ఒక విద్యార్థి సంకల్పించాడనుకుందాం. అతనికి రెండు సంగతులు తెలియాలి. ఒకటి, ఆటగాడు ఎప్పుడు ప్రవేశించాడు? రెండు, దెబ్బ ఎప్పుడు తగులబోతున్నది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం దొరికే చోట్లు పెక్కు ఉన్నాయి. ఎంపికలోనే ఉన్నది కష్టమంతా.

మొదటి పద్ధతి, సందేశాలను వినడం. సర్వరు ఆటగాని కంప్యూటరుకు అనేక సందేశాలు పంపుతుంది. తెర మీది ఆరోగ్యం, ఆయుధాల సూచికలను తిరిగి దిద్దుకొమ్మని చెప్పే 'రీసెట్‌హడ్' అనే సందేశం వాటిలో ఒకటి. ఆటగాడు ప్రవేశించినప్పుడు అది వెళుతుంది కనుక, దానిని విని "ఇతడు ప్రవేశించాడు" అని తొలినాళ్ళలో పలువురు ప్లగిన్ రచయితలు గ్రహించేవారు. ఎంతో తేలికైన పద్ధతి. అయితే ఆ సందేశం ప్రవేశానికి గుర్తు కాదు, సూచికలు దిద్దడానికి గుర్తు. 'ఫుల్‌అప్‌డేట్' అనే ఆజ్ఞను ఆటగాడు టైపు చేసినా అదే సందేశం మళ్ళీ వెళుతుంది. ఆ కిటుకు తెలిసినవాడు పోరు మధ్యలో ఆ ఆజ్ఞను పదేపదే ఇచ్చి, 3 సెకండ్ల రక్షణను ఎప్పటికప్పుడు పొడిగించుకోగలడు. కొత్తవారిని కాపాడడానికి చేసిన ఏర్పాటు జిత్తులమారికి కవచమయింది. అందుచేత ఆ రోజులలో రాసిన ప్లగిన్లలో ఆ ఆజ్ఞను ముందుగా అడ్డుకొనే నాలుగు వరుసలు తరచుగా కనిపిస్తాయి.

దెబ్బ విషయంలో సందేశం ఇంకా నిరుపయోగం. 'డ్యామేజ్' అనే సందేశం దెబ్బ తగిలిన తరువాత ఆటగానికి తెలియజేయడానికి పుట్టినది. అది వినేసరికి ఆరోగ్యం తగ్గిపోయి ఉంటుంది. తగ్గినంత తిరిగి కలుపుదామన్నా, ఆ ఒక్క దెబ్బకే ఆటగాడు నేలకూలి ఉంటే కలపడానికేమీ మిగలదు. ఎంతమంది గాయపడ్డారో లెక్క రాసుకొనే ప్లగిన్‌కు ఈ సందేశం చక్కగా చాలును. గాయాన్ని ఆపదలచిన ప్లగిన్‌కు చాలదు. వార్త నిజమైనదే అయినా, రావలసిన వేళకు రాకపోతే ప్రయోజనం లేదు.

రెండవ పద్ధతి, మెటామాడ్ బల్ల దగ్గర నిలవడం. ఎ.ఎం.ఎక్స్.లోని 'ఇంజిన్', 'ఫేక్‌మెటా' మాడ్యూళ్ళు ఈ సదుపాయాన్ని ఇస్తాయి. ఇక్కడ 'స్పాన్' అనే పిలుపు కూడ ఉన్నది. పేరును బట్టి ఇదే కావలసినది అనిపిస్తుంది. కాని అది పటంలోని వస్తువులను రంగంలో నిలపడానికి ఇంజిను చేసే పిలుపు. రౌండు మొదలైనప్పుడు ఆటగాళ్ళను తిరిగి ప్రవేశపెట్టేది నియమాల లైబ్రరీ. అది తరగతుల భవనంలో లోలోపల జరిగే మాట, బల్ల మీదకు రాదు. పేరు ఒకటైనంత మాత్రాన విషయం ఒకటి కాదని ఇక్కడ విద్యార్థి గ్రహించవలసి ఉంటుంది.

అప్పుడు కొందరు మరొక ఉపాయం పన్నుతారు. 'ప్లేయర్ ప్రీథింక్' అనే పిలుపు బల్ల మీదుగా తప్పకుండా పోతుంది. ఆటగాని కంప్యూటరు పంపే ప్రతి కదలిక ఆజ్ఞకూ అది ఒకసారి వస్తుంది. ఆ వచ్చిన ప్రతిసారీ "ఇంతకు ముందు లేడు కదా, ఇప్పుడు ఉన్నాడా?" అని పరిశీలిస్తే ప్రవేశం తెలిసిపోతుంది. తెలిసే మాట నిజమే. కాని మూల్యం ఎంత? ఒక్కొక్కరు సెకనుకు 100 ఆజ్ఞల చొప్పున పంపితే, 32 మందికి సెకనుకు 3,200 పిలుపులు. రౌండుకు ఒక్కసారి జరిగే సంఘటన కోసం సెకనుకు 3,200 సార్లు తలుపు తట్టి అడగడం! గంట కొట్టడానికి ఒక మనిషి ఉండగా, ప్రతి విద్యార్థీ నిమిషనిమిషానికి లేచి వచ్చి "బడి వదిలారా?" అని అడిగినట్లుంటుంది. ఒక్క ప్లగిన్ ఇట్లా చేస్తే సర్వరు సహించవచ్చును. పది ప్లగిన్లు చేస్తే ఆట తడబడుతుంది. ఆటగాని ప్రతి కదలికనూ నిజంగా చూడవలసిన ప్లగిన్లకు ఈ పిలుపు తగినది. ఒక సంఘటన కోసం కాచుకొని ఉండడానికి తగినది కాదు.

మూడవ పద్ధతి తరగతుల భవనం లోపలికి వెళ్ళడం. ఇది కొంచెం వివరంగా చెప్పవలసినది. నియమాల లైబ్రరీలో ఆటగాడు, ఆయుధం, తలుపు వంటి ఒక్కొక్క జాతి వస్తువుకు ఒక్కొక్క విధుల పట్టిక ఉంటుంది. ప్రోగ్రామర్లు దీనిని వర్చువల్ టేబుల్ అంటారు. ప్రవేశించేటప్పుడు ఏ ఫంక్షన్‌ను పిలవాలి, దెబ్బ తగిలినప్పుడు ఏ ఫంక్షన్‌ను పిలవాలి అన్నది అందులో వరుసక్రమంలో రాసి ఉంటుంది. గోడకు అంటించిన డ్యూటీ చార్టు వంటిది. అందులోని ఒక గడిలో అసలు ఫంక్షన్ చిరునామా తీసి ప్లగిన్ మాడ్యూల్ చిరునామా రాస్తే, ఇకపై ఆ పిలుపులు ముందుగా ప్లగిన్ దగ్గరకు వస్తాయి. చూసిన తరువాత వాటిని అసలు ఫంక్షన్‌కు పంపవచ్చు. ఎ.ఎం.ఎక్స్. 1.8తో చేరిన 'హామ్ శాండ్‌విచ్' అనే మాడ్యూల్ చేసే పని ఇదే. దానితో ఆటగాని ప్రవేశాన్ని, అతనికి తగులబోయే దెబ్బను నేరుగా అందుకోవచ్చు. దెబ్బ ఫంక్షన్ దగ్గర ముందుగా నిలిస్తే, ఎవరు కొట్టారో, ఎంత దెబ్బో, ఏ రకమైనదో అన్నీ చేతిలో ఉంటాయి. దానిని సగానికి తగ్గించవచ్చు, పూర్తిగా ఆపనూవచ్చు. అనవసరంగా ఒక్క పిలుపు కూడ రాదు, దెబ్బ తగలబోయినప్పుడే వస్తుంది.

ఇక్కడ కూడ జాగ్రత్తలు లేకపోలేదు. ఆటగాడు సర్వరుకు కొత్తగా అనుసంధానమైనప్పుడు, ఇంకా జట్టులో చేరకముందే, ప్రవేశ ఫంక్షన్ ఒకసారి పిలువబడుతుంది. అందుచేత పని ముగిసిన తరువాత నిలిచి, "ఇతడు సజీవుడై రంగంలో ఉన్నాడా?" అని విచారించుకొనవలెను. మరొకటి, విధుల పట్టిక జాతికి ఒకటి. కంప్యూటరే ఆడించే కృత్రిమ ఆటగాళ్ళు కొన్ని సర్వర్లలో ఉంటారు. వారు చూపులకు ఆటగాళ్ళే అయినా వారిది వేరే జాతి, వేరే పట్టిక. మనుష్యుల పట్టికలో మార్పు చేస్తే అది వారికి వర్తించదు. ఆ సంగతి తెలియని రచయిత తన ప్లగిన్‌లో లోపమెక్కడున్నదో తెలియక రోజుల తరబడి వెదుకుకోవలసి వస్తుంది. ఈ ఇబ్బందిని గమనించియే ఆ మాడ్యూల్ నిర్వాహకులు ఆటగాళ్ళందరికీ ఒక్కసారిగా కొక్కెం తగిలించే ఏర్పాటును తరువాత చేర్చారు. ఇంకొకటి, పట్టిక చూడకుండా ఒక ఫంక్షన్ మరొక దానిని నేరుగా పిలిస్తే పట్టికలోని మార్పు ఆ పిలుపును తాకదు. డ్యూటీ చార్టు చూడకుండా చనువు కొద్దీ మనిషిని నేరుగా పిలిచినట్లు.

నాలుగవ పద్ధతి అట్లా పట్టికలోనే లేని ఫంక్షన్ల కోసం ఏర్పడినది. దీనికి 'డీటూర్' అని పేరు. రహదారి మరమ్మతులో ఉన్నప్పుడు పక్కదారి పట్టించడం వంటిది. ఫంక్షన్ యంత్రభాషలో ఉన్న చోటికే వెళ్ళి, దాని మొదటి బైట్లను చెరిపి, "ముందు అక్కడికి వెళ్ళు" అన్న ఆజ్ఞను రాస్తారు. 32 బిట్ల ప్రోగ్రాములలో ఆ ఆజ్ఞ 5 బైట్ల పొడవు. చెరిపిన బైట్లను వేరొక చోట భద్రపరచి, అసలు పని జరగవలసినప్పుడు వాటి ద్వారా తిరిగి వస్తారు. మైక్రోసాఫ్ట్ సంస్థ పరిశోధకులు గేలెన్ హంట్, డగ్ బ్రూబాకర్ ఈ పద్ధతిని 1999లో 'డీటూర్స్' అనే పేరుతో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. హాఫ్-లైఫ్ సర్వర్లలో 'ఓర్ఫ్యూ' వంటి మాడ్యూళ్ళు, ఆ తరువాతి తరం ఆటల సర్వర్లలో 'డీహుక్స్' ఈ శక్తిని ప్లగిన్ రచయితలకు అందించాయి.

దీనితో చేరలేని చోటు దాదాపు లేదు. అయితే శక్తికి తగిన ప్రమాదం కూడ ఉన్నది. ఆ ఫంక్షన్ లైబ్రరీలో ఎక్కడ ఉన్నదో కనుగొనడానికి దాని బైట్ల వరుసనే ఆనవాలుగా పెట్టుకొని వెదుకుతారు. సంస్థ లైబ్రరీని తిరిగి తయారుచేసి విడుదల చేస్తే ఆ ఆనవాలు మారిపోవచ్చు. విండోస్‌కు ఒక ఆనవాలు, లినక్స్‌కు మరొకటి కావలసి ఉంటుంది. ఎన్ని విలువలు, ఏ రకమైనవి, ఏ క్రమంలో అందుతాయో ఏ కొంచెం పొరబడినా సర్వరు ఉన్నపళంగా కూలుతుంది. కూలినప్పుడు ప్లగిన్ రాసినవాడు ఒక్కడే నష్టపోడు, ఆడుతున్న 32 మందీ బయటపడతారు. ఫంక్షన్ చాలా చిన్నదైతే కంపైలరు దానిని పిలిచే చోటనే కలిపివేస్తుంది కూడ. అప్పుడు పట్టుకోవడానికి ఫంక్షన్ అన్నదే విడిగా ఉండదు.

అయిదవ దారి ఒకటున్నది. కొందరు ఔత్సాహికులు ఎంతో ఓర్పుతో ఇంజిను, నియమాల లైబ్రరీల యంత్రభాషను పరిశీలించి, మూల ప్రోగ్రామును తిరిగి రాశారు. వాటి పేర్లు 'రీహెచ్ఎల్‌డీఎస్', 'రీగేమ్‌డీఎల్ఎల్'. తిరిగి రాసేటప్పుడే ముఖ్యమైన ఫంక్షన్ల దగ్గర కొక్కేలకు చోటు విడిచారు. 'రీఏపీఐ' అనే మాడ్యూల్ ద్వారా ప్లగిన్లు అక్కడ నిలవవచ్చు. గోడ కట్టేటప్పుడే మేకు దిగగొట్టి ఉంచినట్లు. ఆనవాళ్ళ వెదుకులాట లేదు, బైట్లు చెరిపే పని లేదు, లోపలి ఫంక్షన్లు కూడ అందుతాయి. అయితే సర్వరు యజమాని తన మూల లైబ్రరీలను మార్చడానికి అంగీకరిస్తేనే ఇది సాధ్యం. తన సర్వరుకే రాసుకొనేవాడు నిశ్చింతగా దీనిని ఎన్నుకోవచ్చు. ఊరూపేరూ తెలియని వందమంది యజమానులకు పంచదలచినవాడు వారిలో ఎందరి దగ్గర అది ఉన్నదో ఆలోచించుకోవాలి.

ఇన్ని పద్ధతులు తెలిసిన విద్యార్థి మరొక ప్రశ్న వేసుకోవడం మరచిపోరాదు: అసలు కొక్కెం అవసరమా? ప్రతి ఆటగానికి "ఇతనికి దెబ్బ తగులునా, తగలదా" అని తెలిపే ఒక గుర్తు ఆటలోనే ఉన్నది. ప్రవేశించగానే ఆ గుర్తును మార్చి, 3 సెకండ్ల తరువాత తిరిగి మామూలుగా చేస్తే దెబ్బ ఫంక్షన్ జోలికి పోనక్కరలేదు. చాలా సర్వర్లకు ఇది చాలును. కాని అదే గుర్తును మరొక ప్లగిన్ కూడ వాడుతుంటే చిక్కు వస్తుంది. నిర్వాహకుడు ఒకనికి ఇచ్చిన దీర్ఘరక్షణను, ఈ ప్లగిన్ 3 సెకండ్లు కాగానే తెలియక తీసివేస్తుంది. అంతేకాదు, ఆ 3 సెకండ్లలోపు ఆటగాడు వెళ్ళిపోయి, అతని వరుససంఖ్యలో మరొకడు వచ్చి చేరితే, గడియారం మోగినప్పుడు జరిగే మార్పు ఆ కొత్తవాని మీద పడుతుంది. దెబ్బ ఫంక్షన్ దగ్గర కొక్కెం తగిలించినవాడు గడియారం పెట్టుకొనక్కరలేదు. రక్షణ ఏ క్షణానికి ముగుస్తుందో రాసుకొని, దెబ్బ వచ్చినప్పుడు ఇప్పటి సమయంతో పోల్చి చూస్తే చాలు. కొత్తవాడు చేరినప్పుడు ఆ రాతను చెరిపివేయడం మాత్రం మరువరాదు.

కాబట్టి ఈ ఉదాహరణకు వచ్చే నిర్ణయం ఇది. ప్రవేశాన్ని విధుల పట్టిక ద్వారా పని ముగిసిన తరువాత అందుకోవాలి. దెబ్బను అదే విధంగా పని మొదలు కాకముందు అందుకోవాలి. ఒక్క ప్లగిన్ మాత్రమే నడిచే చిన్న సర్వరులోనైతే రెండవ కొక్కెం బదులు గుర్తును మార్చడమే చాలు. సందేశం నమ్మదగినది కాదు, ప్రతి కదలికనూ పరిశీలించడం వ్యయం, డీటూర్ ఈ పనికి అక్కరలేని సాహసం.

ఉదాహరణను దాటి చూస్తే ఏ ప్లగిన్‌కైనా వర్తించే ప్రశ్నలు నాలుగు తేలుతాయి. కావలసిన వార్త పనికి ముందు వస్తుందా, తరువాతనా? సంఘటన జరిగిన ప్రతిసారీ, జరిగినప్పుడు మాత్రమే వస్తుందా? సెకనుకు ఎన్నిసార్లు వస్తుంది? రేపు ఆట మారితే ఈ కొక్కెం నిలుస్తుందా? ఈ నాలుగింటికీ తృప్తికరమైన సమాధానమిచ్చే పద్ధతులలో అన్నింటికంటె పైపైన ఉన్నదానిని ఎన్నుకోవడం ఉత్తమం. లోతుకు వెళ్ళగలగడం ఒక నేర్పు. అవసరం లేనప్పుడు వెళ్ళకుండా ఉండడం అంతకంటె పెద్ద నేర్పు.

నాలుగవ ప్రశ్న ఎంత బరువైనదో 2023వ సంవత్సరం చూపించింది. ఆ ఏడు సెప్టెంబరులో వాల్వ్ సంస్థ 'కౌంటర్-స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్' స్థానంలో కొత్త ఇంజిను మీద నిర్మించిన 'కౌంటర్-స్ట్రైక్ 2' ను తెచ్చింది. పాత ఇంజినుకు రాసిన ప్లగిన్లు దానిలో పనిచేయలేదు, వాటికి ఆధారమైన పనిముట్లను కూడ కొత్తగా నిర్మించుకోవలసి వచ్చింది. ఇటువంటి పెనుమార్పుకు ఏ కొక్కెమూ నిలువదు. అయితే తన ప్లగిన్‌లో నియమాన్ని ఒక చోట, కొక్కేలను వేరొక చోట విడదీసి రాసుకొన్నవాడు నియమాన్ని అట్లాగే ఉంచి కొక్కేలను మాత్రం తిరిగి రాసుకోగలడు. రెండింటినీ కలగలిపి రాసినవాడు మొదటి నుండి మొదలుపెట్టవలసినదే.

పొరుగువారి సంగతి కూడ చెప్పుకోవాలి. ఒకే ఫంక్షన్ దగ్గర అనేక ప్లగిన్లు కొక్కేలు తగిలిస్తాయి. ప్రతి ప్లగినూ తన పని ముగించి ఒక జవాబు ఇవ్వాలి. మెటామాడ్ నేర్పిన మర్యాద ప్రకారం ఆ జవాబులు నాలుగు: "నేనేమీ చేయలేదు", "నేను పని చేశాను, అసలు పని కూడ సాగనివ్వండి", "అసలు పని సాగనివ్వండి, కాని ఫలితంగా నా మాట తీసుకోండి", "అసలు పని ఆపండి". అన్ని ప్లగిన్ల జవాబులలోకీ బలమైనది చెల్లుతుంది. కనుక ఒక ప్లగిన్ అవసరం లేకుండా "ఆపండి" అంటే, మిగిలిన అందరి పనీ చెడుతుంది. చూడడానికి మాత్రమే వచ్చినవాడు "నేనేమీ చేయలేదు" అని చెప్పి తప్పుకోవడం సభ్యత. అట్లాగే, దెబ్బ ఫంక్షన్ దగ్గర నిలిచిన ప్లగిన్ తానే మరొక దెబ్బను పిలిస్తే, ఆ పిలుపు మళ్ళీ తన దగ్గరకే వచ్చి అంతులేని వలయమవుతుంది. అందుకే హామ్ శాండ్‌విచ్‌లో అదే ఫంక్షన్‌ను కొక్కేలు తగిలేటట్లు పిలవడానికి ఒక దారి, తగలకుండా పిలవడానికి మరొక దారి ఉన్నాయి. ఏది ఎప్పుడో తెలిసి వాడుకోవాలి.

తల్లిదండ్రులు తప్పక గుర్తించవలసిన భేదం ఒకటున్నది. సొంత సర్వరులో, యజమాని అనుమతితో, అందరికీ సమానంగా వర్తించే నియమం కోసం కొక్కెం తగిలించడం విద్య. అదే పద్ధతులతో తన కంప్యూటరులోని ఆటకు కొక్కెం తగిలించి, గోడల వెనుక ఉన్నవారిని చూడడానికో, గురి తప్పకుండా కొట్టడానికో వాడుకోవడం మోసం. ఇటువంటి మోసాలను పట్టడానికే వాల్వ్ సంస్థ 2002లో 'వాల్వ్ యాంటీ-చీట్' అనే వ్యవస్థను ప్రవేశపెట్టింది. దొరికినవారి ఖాతాకు రక్షిత సర్వర్లలో ప్రవేశం నిషిద్ధమవుతుంది. విద్య రెండింటికీ ఒకటే. తేడా అంతా అనుమతిలోనూ, ఎవరి మేలు కోసమన్నదానిలోనూ ఉన్నది. పిల్లవాడు ఏమి రాస్తున్నాడో తెలియక మొత్తాన్నీ నిషేధించడం ఎంత తొందరపాటో, తెలియక మొత్తాన్నీ మెచ్చుకోవడం కూడ అంతే.

"ఆ యంత్రభాష, ఆ బైట్లు తమకేమి తెలుస్తాయి?" అని తల్లిదండ్రులు వెనుదీయనక్కరలేదు. పిల్లలను అడగవలసిన ప్రశ్నలకు యంత్రభాష అక్కరలేదు. "ఈ ప్లగిన్ ఎవరి కోసం రాశావు? ఎక్కడ నిలిచి చూస్తున్నది? అంతకంటె పైన నిలిస్తే సరిపోదా? ఇది చెడిపోతే ఎవరెవరికి ఇబ్బంది?" ఈ నాలుగు మాటలు చాలును. అమ్మకో, నాన్నకో, తాతగారికో సొంత భాషలో అర్థమయ్యేటట్లు చెప్పగలిగిన విద్యార్థి తన ఎంపికకు కారణం తెలిసినవాడు. చెప్పలేక తడబడినవాడు ఎక్కడినుండో నకలు చేసుకొన్న వరుసలను నమ్ముకొని ఉన్నాడన్న మాట. అటువంటి వానిని మందలించనక్కరలేదు, మరొకసారి ఆలోచించి రమ్మనాలి. పరిభాష ఇంగ్లీషుదే కావచ్చును. "ముందా, తరువాతనా? ప్రతిసారీనా, ఎప్పుడో ఒకప్పుడా?" అనే ఆలోచన మాత్రం ఏ భాషలోనైనా సాగుతుంది. తెలుగు మాధ్యమంలో గుణకారాలు, వ్యాకరణ సంధులు శ్రద్ధగా నేర్చిన పిల్లలకు అది కొత్త కాదు.

ఉపాధ్యాయులకు ఒక సూచన. కంప్యూటరు తరగతిలో ప్రోగ్రాము పనిచేసిందా లేదా అన్నంతవరకే మార్కులు వేయడం పరిపాటి. ఒకే పనిని మూడు పద్ధతులలో చేయించి, వాటిలో ఏది ఎందుకు మేలో అయిదు వాక్యాలు రాయించితే, విద్యార్థిలో విచక్షణ పెరుగుతుంది. ఆ అయిదు వాక్యాలు తెలుగులో ఉంటే ఇంటివారు కూడ చదివి ఆనందిస్తారు.

ఒకరు నిర్మించిన వ్యవస్థలో మరొకరు ప్రవేశించి మేలు చేయదలచినప్పుడు, ఎక్కడ నిలవాలి, ఎంత తాకాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్న వివేకం అవసరం. ఆట సర్వరుకు 3 సెకండ్ల నియమం రాసే బాలుడు ఆ వివేకాన్ని చిన్న ఎత్తున అభ్యసిస్తున్నాడు. రేపు అతడు బ్యాంకు లెక్కలు చూసే ప్రోగ్రామునో, ఆసుపత్రి యంత్రాన్ని నడిపే ప్రోగ్రామునో సరిదిద్దవలసి వచ్చినప్పుడు, అక్కడ కూలేది ఆట కాదు. ఆ రోజుకు కావలసిన అలవాటు ఈ రోజే ఏర్పడాలి.